ఆ రిపోర్టు మీద నా సంతకం ఉండాలా?

శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 29. మత్స్యకార కుటుంబం. తండ్రి చాలా ఏళ్లు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసి, ఆ డబ్బుతో కూతురికి బీటెక్, ఆ తర్వాత ఓషన్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చెప్పించారు. ఇప్పుడాయన ఊళ్లోనే ఉండి ఇంజను పడవ మీద వేటకు వెళ్తున్నారు. ఆమె విశాఖలో ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తున్నారు. సముద్రంలో తేలే గ్యాస్ టెర్మినల్ పెట్టడం సాధ్యమేనా, పెడితే ఎక్కడ అని తేల్చే ఫీజిబిలిటీ స్టడీ ఆ సంస్థకు వచ్చింది. పరిశీలనలో ఉన్న మూడు చోట్లలో ఒకటి, వాళ్ల ఊరివాళ్లు వలలు వేసే చోటే.

అలల లెక్క ఆమె చేతికి వచ్చింది. ఏడాదిలో ఎన్ని రోజులు ఓడ వచ్చి సరుకు దించడం కుదరదో తేల్చాలి. ఆమె లెక్కలో 45 రోజులు దాటింది. టీమ్ లీడర్ చూసి, "పదిహేను రోజుల లోపు రావాలి, లేకపోతే ప్రాజెక్టు నిలబడదు. మనం కొలిచిన డేటాతోనే చెయ్యి, బయటి డేటా కలపకు" అన్నారట. ఆ కొలతలు డిసెంబరు నుంచి మే వరకు తీసినవి. మత్స్యకారుల మీద ప్రభావం 'స్వల్పం' అని రాసిన అధ్యాయం కూడా ఆమె చదివారు. అది వేరేవాళ్ల పని. కానీ రిపోర్టు మొదటి పేజీలో 'తయారుచేసినవారు' అన్న గడిలో ఆమె పేరే ఉంటుంది.

ఇంటి దగ్గర పరిస్థితి ఇంకోలా ఉంది. సర్వే బోటు తిరగడం ఊరంతా చూసింది. అది ఆమె ఆఫీసు బోటేనని ఎలాగో తెలిసింది. "నీకు సదువు సెప్పించింది మా సంద్రాన్ని లెక్కగట్టి అమ్మడానికేటే?" అని తండ్రి ఒక్కమాట అని, అప్పటినుంచి ముభావంగా ఉంటున్నారు. మేనమామ మాత్రం రోజూ ఫోన్. గ్యాస్ పైపు ఎక్కడ ఒడ్డెక్కుతుందో చెబితే అప్పుచేసైనా అక్కడ భూమి కొంటానంటున్నారు. తనది ఆ ఊరేనని ఆఫీసులో ఇంతవరకూ ఆమె ఎవరికీ చెప్పలేదు. "ఊరికి ద్రోహం చేస్తున్నానా, ఉద్యోగానికి చేస్తున్నానా తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మానేస్తే పీడా పోతుందా?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీరు ఊరా, ఉద్యోగమా అని ఒకే ప్రశ్నగా అడిగారు గానీ అందులో చాలా విషయాలు చిక్కుపడి ఉన్నాయి. లెక్క వేరు, సంతకం వేరు, మామయ్య అడుగుతున్న రహస్యం వేరు, నాన్నగారి బాధ వేరు. అన్నిటికీ కలిపి ఒకటే జవాబు వెతకబట్టే మీకు నిద్ర పట్టడం లేదు. పోర్టుల పనిలో జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి, ముందు లెక్క సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

అంతకంటే ముందు ఒక మాట. స్టడీ జరుగుతోందంటే టెర్మినల్ వచ్చేసినట్టు కాదు. ఈ దశలో ఖర్చు అంచనాయే ముప్పై, నలభై శాతం అటూ ఇటూ ఉంటుంది. దీని తర్వాత వివరమైన డిజైను, పర్యావరణ అనుమతి, తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) అనుమతి, గ్యాస్ కొనేవాళ్లతో ఒప్పందాలు, బ్యాంకుల పరిశీలన ఉంటాయి. ఎక్కడైనా ఆగిపోవచ్చు. కాకినాడ దగ్గర తేలే టెర్మినల్ మాట పదేళ్లకు పైగా వింటూనే ఉన్నాం. తూర్పు తీరంలో ఎన్నూర్ టెర్మినల్ 2019లో, ధామ్రా 2023లో మొదలయ్యాయి. రెండూ పోర్టుల్లోనే ఉన్నాయి. మీరు చూస్తున్నది అలాంటి చాటు లేని సముద్రం. మీ ఒక్క లెక్కతో టెర్మినల్ రాదు, మీ ఒక్క లెక్కతో ఆగదు. ఈ భారాన్ని ముందు దించుకోండి.

ఇక ఆ డిసెంబరు నుంచి మే వరకు తీసిన కొలతలు. మన సముద్రం ఏడాదిలో కాస్త నెమ్మదిగా ఉండే కాలం ఎక్కువగా అందులోనే ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు అలలు పెరుగుతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. జూన్ నుంచి నవంబరు దాకా ఒక్క రోజు కూడా లేని కొలతల్ని ఏడాది మొత్తానికి సాగదీస్తే పదిహేను రోజులే వస్తాయి మరి. అది తప్పుడు కొలత కాదు, సగం కొలత. ఈ తేడా మీకు ముందు ముందు చాలా పనికొస్తుంది.

ఇంకో సంగతి, మీ ఉత్తరంలో అలల ఎత్తు గురించే ఉంది, వాటి వ్యవధి గురించి లేదు. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే ఉబ్బు కెరటం ఎత్తు మీటరే ఉండొచ్చు. కానీ ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ మధ్య పన్నెండు నుంచి పద్దెనిమిది సెకన్లు ఉంటుంది. టెర్మినల్‌గా తేలుతూ ఉండే నౌక ఒకటి, సరుకు తెచ్చే ఓడ ఒకటి, దాదాపు మూడు వందల మీటర్ల పొడవుండే ఈ రెండింటినీ పక్కపక్కన కట్టి, మధ్యలో గొట్టాలు బిగించి, మైనస్ 162 డిగ్రీల ద్రవాన్ని ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి పంపుతున్నప్పుడు ఆ పొడుగాటి కెరటమే మోకుల్ని లాగేది. ఎత్తు ఒక్కటే చూసి 'ఈ రోజు పనిచేయొచ్చు' అని లెక్కేసిన రోజుల్లో కొన్ని నిజానికి పనిచేయలేని రోజులు. మీ 45 లెక్కలో ఇది కలిసిందో లేదో ఒకసారి చూసుకోండి. కలవకపోతే అసలు సంఖ్య ఇంకా పెరగొచ్చు.

పైగా ప్రశాంతంగా ఉన్న గంటలన్నీ కూడి ఇరవై నాలుగుతో భాగిస్తే రోజులు రావు. ఓడ రావాలి, కట్టాలి, సరుకు దించాలి, విప్పుకుని వెళ్లాలి. దీనికి ఒకటిన్నర రోజు దాకా ఎడతెగని మంచి వాతావరణం కావాలి. మధ్యలో ఆరు గంటలు సముద్రం లేస్తే ముందున్న గంటలన్నీ వృథా. అందుకే ఒకే డేటాతో ఇద్దరు ఇంజినీర్లకు రెండు సంఖ్యలు వస్తాయి. మీ టీమ్ లీడర్‌ది దురుద్దేశమే అయ్యుండాలని లేదు. ఏ నిర్వచనంతో పదిహేను, ఏ నిర్వచనంతో నలభై ఐదు వచ్చాయో కాగితం మీద పక్కపక్కన పెట్టి అడగండి.

ఈ రోజుల తేడా ఎందుకంత ముఖ్యమో చెబుతాను, ఈ మాట మీ టీమ్ లీడర్ దగ్గర కూడా పనికొస్తుంది. ఏడాదికి 50 లక్షల టన్నుల టెర్మినల్ అనుకుంటే రోజుకు సుమారు 30 వేల ఘనమీటర్ల ద్రవ వాయువు ఖర్చవుతుంది. తేలే నౌకలో పట్టేది సుమారు 1,70,000 ఘనమీటర్లు. నిండుగా ఉన్నా ఐదారు రోజుల్లో ఖాళీ. కాబట్టి ఏడాదికి మొత్తం ఎన్ని రోజులు పోతాయన్నదానికంటే, వరసగా ఎన్ని రోజులు పోతాయన్నదే టెర్మినల్‌ను నిలబెట్టేది, ముంచేది. ఆగస్టులో వారం రోజులు ఓడ కట్టలేకపోతే అవతల ఎరువుల ఫ్యాక్టరీకి గ్యాస్ ఉండదు. ఇది ఊహ కాదు. మహారాష్ట్రలోని దభోల్ టెర్మినల్ 2013లో మొదలైంది. అలలను ఆపే గోడ (బ్రేక్‌వాటర్) పూర్తికాక ఏళ్ల తరబడి వర్షాకాలం వచ్చిందంటే మూసుకోవాల్సి వచ్చింది. అంత పెట్టుబడి పెట్టి నాలుగు నెలలు ఖాళీగా కూర్చోవడం ఏ క్లయింటూ కోరుకోడు. మీ 45 రోజుల లెక్క క్లయింటుకు శత్రువు కాదు. అతను డబ్బిచ్చి కొంటున్నది ఆ లెక్కనే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

చెప్పినట్టు పదిహేను రాసి సంతకం పెట్టడం ఒకటి. ఈ నెల గడిచిపోతుంది. కానీ ఆ రిపోర్టు అక్కడితో ఆగదు. అప్పు ఇచ్చే బ్యాంకు తన సొంత ఇంజినీర్లతో దాన్ని పరీక్ష చేయిస్తుంది. వాళ్లు మొదట తెరిచేది అలల డేటా అనుబంధమే. మొదటి తేదీ, చివరి తేదీ చూస్తారు. అప్పుడు గడిలో ఉన్న పేరు మీది. 'పై అధికారి చెప్పారు' అన్నదానికి కాగితం ఉండదు.

రెండో దారి నాకు నచ్చినది. అయినా ఇదే చేయమని ఆజ్ఞ వేయను, మీ ఆఫీసు వాతావరణం మీకే తెలుసు. సంఖ్యను మార్చకుండా, దాన్ని ఒంటరిగా వదలకుండా రాయడం. కొలిచిన ఆరు నెలలకు ఇంత, ఏడాది పొడవునా చూస్తే ఇంత, వ్యవధిని కూడా కలిపితే ఇంత అని మూడు కేసులు చూపించండి. ఏడాది డేటా లేదు కదా అంటే ఈఆర్‌ఏ5 అనే యూరప్ వాతావరణ కేంద్రం డేటా 1940 నుంచి గంట గంటకూ ఉచితంగా దొరుకుతుంది. మీరు కొలిచిన ఆరు నెలలతో దాన్ని సరిచూసి సవరించుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్లు మన తీరంలో అలలు కొలిచే తేలే పరికరాలు (బోయ్‌లు) నడుపుతున్నారు, అవీ సరిచూసుకోవడానికి పనికొస్తాయి. చివర్లో 'నైరుతి రుతుపవన కాలం కూడా వచ్చేలా కనీసం పన్నెండు నెలలు కొలవాలి' అని సిఫార్సు రాయండి. ఈ వాక్యం ఉంటే రిపోర్టు చెడ్డదైపోదు. ఫీజిబిలిటీ దశ ఉన్నదే ఇంకా ఏం తెలుసుకోవాలో చెప్పడానికి. టీమ్ లీడర్‌కు కూడా పరువు దక్కుతుంది, ఇంకో సర్వే పని కూడా వస్తుంది.

దీనివల్ల నష్టం లేదని చెప్పను. గడువు జరగొచ్చు, మీ మీద విసుగు రావొచ్చు, వచ్చే ప్రాజెక్టులో మిమ్మల్ని పక్కన పెట్టొచ్చు. అందుకే మాటలతో కాకుండా మెయిల్‌లో చేయండి. ఆరోపణలా ఉండకూడదు. 'ఫలానా తేదీ చర్చ ప్రకారం రెండు పద్ధతుల ఫలితాలు జతచేస్తున్నాను. కొలతల కాలం డిసెంబరు నుంచి మే కాబట్టి మొదటి పద్ధతి ఏడాదికి వర్తించదని నా అభిప్రాయం. ఏది వాడాలో తెలియజేయగలరు' అని మూడు లైన్లు చాలు. జవాబు రాసేటప్పుడు ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

ఆయన అప్పటికీ పదిహేనే అంటే, లెక్కలు తనిఖీ చేసే సీనియర్ లేదా క్వాలిటీ చూసే అధికారి మీ సంస్థలో ఉండే ఉంటారు, వాళ్లకు చూపించండి. అదీ కుదరకపోతే 'ఈ అధ్యాయానికి నా పేరు తీసేయండి' అని అడిగే హక్కు మీకుంది. అది తిరుగుబాటు కాదు. పనిచేస్తూనే ఒక్క గడి దగ్గర ఆగడం.

మత్స్యకారుల అధ్యాయం గురించి మీరు నాలుగు వాక్యాలే రాశారు, నాకు మాత్రం అది ఎక్కువ బాధ కలిగించింది. సర్వే మే నెలలో జరిగిందన్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంజను పడవలన్నీ ఒడ్డున ఇసుకలో ఉంటాయి, మనుషులు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. ఆ రోజు బైనాక్యులర్ పట్టుకుని సముద్రంలోకి చూసినవాడికి పడవ కనబడకపోతే 'ఈ ప్రాంతంలో వేట తక్కువ' అని రాసుకుని వెళ్లిపోతాడు. అదే చలికాలంలో వస్తే మగవాళ్లలో చాలామంది వీరావల్‌లో ఉంటారు కాబట్టి ఊళ్లో జాలర్లే తక్కువన్న లెక్క వస్తుంది. ఏ కాలంలో ఏ రేవు నుంచి ఎన్ని పడవలు ఎటు వెళ్తాయి, ఏ లోతులో ఏ వల వేస్తారు అన్నది ఏడాది పొడవునా అడిగితేనే తెలుస్తుంది. సముద్రంలో కట్టడం చుట్టూ మామూలుగా ఐదు వందల మీటర్ల రక్షణ వలయం ఉంటుంది, ఓడలు వచ్చిపోయే దారి అదనం. చిన్న పడవలకు ఆ చుట్టు తిరిగి వెళ్లడమంటే రోజూ డీజిల్ ఖర్చు. 'స్వల్పం' అన్న మాటలో ఇవేవీ లేవు.

ఆ అధ్యాయం మీది కాదు కాబట్టి దిద్దే అధికారం మీకు లేదు. కానీ అంతర్గత పరిశీలన షీటులో 'సర్వే వేట నిషేధ కాలంలో జరిగింది, మళ్లీ చేయాలి' అని ఒక వ్యాఖ్య రాయగలరు. దానికి జవాబు ఇవ్వాల్సిన బాధ్యత అటువాళ్ల మీద పడుతుంది. మన జిల్లాలో ఇలాంటి వాక్యాల విలువ తెలియనివాళ్లు లేరు. 2010 జులైలో సోంపేట, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి. రెండుచోట్లా థర్మల్ ప్లాంటే, రెండుచోట్లా చిత్తడి నేలలే, రెండుచోట్లా పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. నలుగురికి తిండిపెట్టే బీల (చిత్తడి) నేలను కాగితాల మీద పనికిరాని భూమిగా చూపించారన్న కోపం అక్కడ ఎంత లోతుకు వెళ్లిందో మీ నాన్నగారి తరానికి బాగా గుర్తు. ఆయన మీతో అన్న ఆ ఒక్కమాట వెనక అదంతా ఉంది.

ఇక ఆఫీసులో మీరు దాచిన సంగతి. ఇది వెంటనే చెప్పేయండి. 'పరిశీలనలో ఉన్న ఒక చోటు మా కుటుంబం వేటాడే నీళ్లు' అని మేనేజరుకు రెండు లైన్ల మెయిల్ పెట్టండి. రేపు ఎవరైనా బయటపెడితే, మీ 45 రోజుల లెక్క ఎంత సరైనదైనా 'ఊరి కోసం పెంచింది' అంటారు. మంచి లెక్క మీ మౌనం వల్ల పాడవుతుంది. చెప్పినందుకు మిమ్మల్ని ఈ ప్రాజెక్టు నుంచి మార్చొచ్చు, అప్పుడు ఆ లెక్క ఇంకొకరి చేతికి పోతుంది. కాబట్టి ముందు లెక్కల మెయిల్, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే ఇది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'మీ ఊరేగా, వెళ్లి వాళ్లకు నచ్చజెప్పు' అంటారు. దానికి మాత్రం ఒప్పుకోవద్దు. ఇంజినీరుగా మీరు ఊళ్లోకి వెళ్లగలరు, కూతురిగా వెళ్లగలరు, కంపెనీ తరఫు మధ్యవర్తిగా వెళ్తే ఆ తర్వాత ఆ ఊళ్లో మీకు మిగిలేది ఏమీ ఉండదు.

మామయ్యకు 'చెప్పలేను' అని కాదు, 'చెప్పను' అనే చెప్పండి. మూడు చోట్లు పోలుస్తున్న దశలో పైపు ఎక్కడ ఒడ్డెక్కుతుందో ఎవరికీ తెలియదు. మీ మాట నమ్మి ఆయన అప్పుచేసి కొన్న భూమి పక్కన ఏమీ రాకపోతే? కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం మాట మొదలై పదేళ్లు దాటిపోయింది, ఇప్పటికీ రియాక్టరు లేదు. భావనపాడు పోర్టు అని ఏళ్లకేళ్లు విని, చివరికి 2023లో మూలపేటలో శంకుస్థాపన జరిగింది. వడ్డీ మాత్రం ఏ నెలా ఆగదు. మీ నోటి నుంచి సమాచారం బయటికి పొక్కితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా కావొచ్చు. డ్రాఫ్టును ఊరి పెద్దలకు రహస్యంగా ఇవ్వాలన్న ఆలోచన మీ ఉత్తరంలో ఒకచోట కనిపించింది. దానికీ ఇదే వర్తిస్తుంది. పైగా డ్రాఫ్టు మారిపోతుంది, ఊరు పాత కాగితం పట్టుకుని వాదిస్తుంది.

మరి నాన్నగారికి ఏం చెప్పాలి? రహస్యం కానిది చాలా ఉంది, అదంతా చెప్పండి. ప్రాజెక్టు ముందుకు కదిలితే పర్యావరణ ప్రభావ నివేదిక తయారవుతుందని, దాని సారాంశం తెలుగులో ఇచ్చి తీరాలని, కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి ఆ ప్రాంతంలోనే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని, అది వీడియో తీస్తారని చెప్పండి. ఏ కాలంలో ఎక్కడ వల వేస్తారో, ఎంత డీజిల్ అవుతుందో, ఏ చేపలు పడతాయో ఇప్పటినుంచే ఊరివాళ్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే, ఆ రోజు మైకు ముందు వాళ్ల మాటకు బరువు ఉంటుంది. ఇది చెప్పడానికి మీ ఆఫీసు కాగితం ఒక్కటీ బయటికి తేవక్కర్లేదు. చట్టంలో ఉన్నదే చెబుతున్నారు. మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారన్న అనుమానం ఆయనకు ఒక్కసారిలో తీరదు. వాదించకండి. పండక్కి ఇంటికి వెళ్లడం మానకండి.

మానేయాలా అన్న చివరి ప్రశ్న. ఇప్పుడే మానేస్తే నిద్ర పడుతుంది, పదిహేను రోజుల లెక్క మాత్రం అలాగే వెళ్లిపోతుంది, అడ్డుచెప్పేవాళ్లు ఉండరు. ఉండిపోతే ఆ మెయిల్ పంపే అవకాశం ఉంటుంది. కాదని చెప్పినా వినకుండా, మార్చిన సంఖ్యను మీ పేరుతోనే బయటికి పంపిస్తే అప్పుడు పరిస్థితి వేరు. అక్కడ ఉండటం మీ వృత్తికి మంచిది కాదు. అందుకే ఇప్పటినుంచే ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టుకోండి. రెజ్యూమె సిద్ధం చేసుకోండి. చేతిలో ఆ డబ్బు ఉంటే మీటింగులో గొంతు వణకదు. రిపోర్టు మొదటి డ్రాఫ్టు క్లయింటుకు వెళ్లకముందే ఆ మూడు కేసుల మెయిల్ వెళ్లాలి, వెళ్లిన తర్వాత దానికి విలువ సగం తగ్గిపోతుంది. జవాబు ఏమొచ్చిందో వీలైతే మళ్లీ రాయండి.